చదివి కుట్టిన పుస్తకాలు: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్ 2

పెద్దనాన్న పోయిన తర్వాత ఆయన పుస్తకాలున్న ఇనుప ట్రంకుపెట్టె రాజమహేంద్రవరంలోని మా ఇంటికి వచ్చి మూడేళ్లయింది. అందులో 41 పుస్తకాలున్నాయి. కొన్నింటికి అట్టలు లేవు, కొన్నింటికి వెన్ను విడిపోయింది, ఒకదానిని పురుగులు లోపల దారులు చేసుకుని మరీ తిన్నాయి. వాటిలో తొమ్మిదింటిని ఎంచుకుని, ఈ నాలుగు నెలల్లో చదివి, చదివిన తర్వాత నా చేతితోనే కుట్టి అట్ట వేయాలని, ఒక్కో పుస్తకం గురించి నాకు తోచినది దాచుకోకుండా ఈ డైరీలో రాసుకోవాలని ఈ రోజు నిర్ణయించుకున్నాను.

దుకాణంలో ఇస్తే వారంలో అయిపోయే పనికి ఇంత హైరానా ఎందుకని ఇంట్లో అడిగారు. పోయిన సంవత్సరం మూడు పుస్తకాలు అలాగే ఇచ్చాను. అంచులు సమంగా రావాలని వాళ్లు మూడు పక్కలా యంత్రంతో కోసి ఇచ్చారు. పెద్దనాన్నకు చదువుతూ పుట పక్కన పెన్సిలుతో రాసే అలవాటుండేది. ఆ మాటల్లో సగం ఆ కోతలో పోయాయి. ఒక పుటలో "ఒప్పుకో" అన్నంత వరకే మిగిలింది. ఆయన "ఒప్పుకోను" అని రాశారో, "ఒప్పుకోవలసిందే" అని రాశారో తెలుసుకునే దారి ఇక లేదు. కోసేముందు చెప్పవలసింది నేనే, చెప్పలేదు.

బైండింగు పనిలో ఓనమాలు మా వీధి చివర ఉండే పెద్దాయన దగ్గర నాలుగు ఆదివారాలు కూర్చుని నేర్చుకున్నాను. పాత జిగురును తడిగుడ్డతో నానబెట్టి గీకడం, ఫారాలను, అంటే కలిపి మడిచిన పుటల కట్టలను, ఒక్కొక్కటిగా విడదీయడం, నూలుదారానికి మైనం రాయడం, మడత లోపలి నుంచి ఆరతో రంధ్రాలు వేయడం ఆయనే చూపించారు. మైదా జిగురు ఉడికించే రోజున, "చిటికెడు మైలుతుత్తం వెయ్యండమ్మా, లేకపోతే బొద్దింకలకు టిఫిను పెట్టినట్టే" అన్నారు. మైలుతుత్తం విషం కనుక దానికి వేరే గిన్నె, వేరే గరిటె పెట్టుకుని వంటింట్లోకి రాకుండా పైన అటక మీద ఉంచాను.

అభిప్రాయాలకు మార్కులు వేయడం నాకు చేతకాదు. అందుకని మూడు తరగతులు పెట్టుకున్నాను. బాగా నచ్చిన పుస్తకానికి పూర్తిగా ఎర్ర కాలికో గుడ్డ. నచ్చీ నచ్చని దానికి వెన్నుకు మాత్రం గుడ్డ, అట్టల మీద కాగితం. నచ్చనిదానికి కుట్టు వేసి, బడిపిల్లల పుస్తకాలకు వేసే ఖాకీ కాగితం అట్ట. ఎర్ర కాలికో రెండు మీటర్లు మాత్రమే కొన్నాను, కనుక ఉదారంగా ఉండే వీలు లేదు.

జూన్ 14

మొదట ఏనుగుల వీరాస్వామయ్య కాశీయాత్ర చరిత్ర చదివాను. ఈయన చెన్నపట్నం సుప్రీం కోర్టులో ద్విభాషిగా పనిచేసిన మనిషి. 1830 మే 18న పరివారంతో బయలుదేరి, తిరుపతి, కడప, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు మీదుగా కాశీ చేరి, గయ, కలకత్తా, జగన్నాథం చూసుకుని కోస్తా దారిన దిగి, 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారిలోంచి కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లె గారికి పంపిన ఉత్తరాలే ఈ పుస్తకం. ఆయన మరణానంతరం 1838లో అచ్చయింది.

పుణ్యక్షేత్రాల మహాత్మ్యాలు ఉంటాయనుకుని, వాటిని దాటవేయవచ్చన్న ధీమాతో మొదలుపెట్టాను. దాటవేయడానికి దొరికినది చాలా తక్కువ. ఏ ఊళ్లో నీళ్లు బాగుంటాయి, ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, అంగళ్లలో ఏమి దొరుకుతుంది, దారి ఇసుకా రాయా, వాగులో నీరు ఎంత లోతుంది అన్నవి ఆయనకు ముఖ్యం. దేవుడి దర్శనం కూడా ఆ వరుసలోనే, నిత్యకృత్యాలలో ఒకటిగా వచ్చిపోతుంది. వెనక వచ్చే యాత్రికుడు ఇబ్బంది పడకూడదన్న ధ్యాస ప్రతి మజిలీలోనూ కనిపిస్తుంది. గిడుగు వారి వ్యావహారిక వాదానికి ఎన్నో దశాబ్దాల ముందు, తన నోటి మాటకు దగ్గరగా ఉన్న వచనంలో ఒక ఉద్యోగి ఇంత పెద్ద రచన చేశాడంటే, అవసరం ఉన్నవాడికి భాష ఎలా రాయాలన్న చర్చ అక్కరలేదని నాకనిపించింది.

తిరుగు ప్రయాణంలో ఆయన మా ఊరి మీదుగా వెళ్లారు. ఆ పుటలను రెండుసార్లు చదివాను. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. అంటే ఆయన చూసినది ఆనకట్టకు ముందరి గోదావరి. రోజూ పుష్కరాల రేవు పక్క నుంచి ఆఫీసుకు వెళ్లే నాకు, ఈ నదికి అలాంటి కాలం ఒకటుండేదని తెలుసును గాని, ఒక మనిషి కంటితో తెలియడం ఇదే మొదటిసారి.

ఒక్క కొరత చెప్పుకోవాలి. 15 నెలల పాటు సవారీని మోసిన బోయీలు ఆ దారి గురించి ఏమనుకున్నారో ఈ పుస్తకం నుంచి తెలియదు. ఆ నదులూ కొండలూ వాళ్లకు భుజం మీది బరువుగానే గుర్తుండి ఉంటాయి. అది వీరాస్వామయ్య గారి తప్పు కాకపోవచ్చు. అయినా చదువుతున్నంతసేపూ నా దృష్టి పల్లకీ లోపలి కంటె కింద నడిచే కాళ్ల మీదకే పోయింది.

ఒక్కో ఫారం మడతలో ఐదేసి రంధ్రాలు వేసి కుట్టడానికి మూడు సాయంత్రాలు పట్టింది. పూర్తి కాలికో. పెద్దమ్మ సన్నికల్లు తెచ్చి బరువు పెట్టాను.

జూన్ 27

పెట్టెలో అన్నిటికంటె లావుగా ఉన్నది అసలు పుస్తకమే కాదు. యండమూరి వీరేంద్రనాథ్ తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు పెద్దమ్మ వారం వారం ఆ కాగితాలు చింపి దాచి, చివరకు బొంతలు కుట్టే దారంతో తానే పక్కకుట్టు వేసిన కట్ట అది. అప్పట్లో ఇలాంటి కట్టలు లేని ఇల్లు అరుదు. ఒక కాగితం చివర కథ ఆగినచోట వంకాయ కూర చేసే విధానం సగం ఉంది, మిగతా సగం చింపకుండా వదిలేసిన కాగితంతో ఎటో పోయింది.

ఈ నవలను తీసిపారేయాలన్న పట్టుదలతో కూర్చున్నానని ఒప్పుకోవాలి. చేతబడి, కాష్మోరా, తులసి అనే చిన్నపిల్ల ప్రాణం మీదకు వచ్చిన ఆపద, ఒక పక్క మాంత్రికులు, మరో పక్క వైద్యులు, అన్నీ కలిసి పరుగెత్తే కథ. రాత్రి పదకొండు దాటాక కూడా లేవలేదు. పాఠకుడి గుండె ఎప్పుడు గట్టిగా కొట్టుకోవాలో ఈ రచయితకు లెక్క ప్రకారం తెలుసు, ఆ లెక్క ఇప్పటికీ తప్పలేదు. అయితే వారానికొకసారి చదవవలసినదాన్ని ఏకబిగిన చదివితే ఒక చిక్కు వస్తుంది. ప్రతి ఐదారు పుటలకూ ఒక ఉత్కంఠ వచ్చి నిలబడుతుంది, అది వారం రోజుల ఆకలికి వండినది. వెంటవెంటనే తింటే మొహం మొత్తుతుంది. మూడో వంతు దాటాక, కథ ఎక్కడ ఆగబోతుందో కాగితం అంచు చూసి ముందే చెప్పగలిగాను. భయం మీద ఉన్న శ్రద్ధలో పదో వంతు తల్లి మనసు మీద పెట్టి ఉంటే నాకు ఇంకా నచ్చేది.

నడుమ ఒక వారం లేదు. పెద్దమ్మకు ఫోను చేసి అడిగితే, పక్కింటావిడ పట్టుకెళ్లి ఇవ్వలేదని నలభై ఏళ్లయినా మరువని కోపంతో చెప్పి, "ఆ వారంలో ఏం లేదు అమ్మాయ్, అందరూ భయపడతారు, అంతే" అన్నారు. అంతకంటె క్లుప్తమైన సమీక్ష నేను రాయలేను. ఆ వారం చోట ఒక తెల్లకాగితం పెట్టి కుట్టాను. విడి కాగితాలు కనుక ఫారాల కుట్టు కుదరదు. పెద్దమ్మ వేసిన రంధ్రాలలోంచే కొత్త దారం పోనిచ్చాను. వెన్నుకు గుడ్డ.

జూలై 9

రాచకొండ విశ్వనాథశాస్త్రి అల్పజీవి విషయంలో నా పద్ధతే మార్చుకోవలసి వచ్చింది.

చదవడం ముగించిన రాత్రి దీనికి ఖాకీ అట్ట అని రాసి పెట్టుకున్నాను. గుమాస్తా సుబ్బయ్యకు ఆఫీసంటే భయం, బావమరిది వెంకట్రావు అంటే భయం, కంట్రాక్టరు గవరయ్య అంటే భయం, తన భయం ఎవరికైనా తెలిసిపోతుందేమోనని భయం. ఇన్ని పుటలు ఒకే మనిషి ఒకే చోట వణుకుతూ ఉంటే నాకు విసుగు వచ్చింది. ఒక చెంప దెబ్బ కొట్టి లేపుదామనిపించింది.

మరునాడు కుట్టు మొదలుపెట్టి, పరధ్యానంలో నాలుగో ఫారాన్ని మూడో దానికి ముందు కుట్టేశాను. దారం విప్పి సరిచేసేముందు వరుస చూసుకోవడానికి ఒక్కో ఫారం మొదటి పుట, చివరి పుట చదవవలసి వచ్చింది. అలా కథ లేకుండా ముక్కలు ముక్కలుగా చదువుతుంటే, మొదటిసారి నన్ను విసిగించినదే ఆ వచనపు పనితనమని తెలిసింది. సుబ్బయ్య భయపడ్డాడని రచయిత చెప్పి వదిలేయడు; వాక్యమే భయపడిన మనిషిలాగ నాలుగడుగులు ముందుకు వేసి, వెనక్కి చూసి, అన్నమాటనే మళ్లీ అని, కాస్త ధైర్యం తెచ్చుకుని మరో అడుగు వేస్తుంది. మా ఆఫీసులో ఇలాంటి నడక నడిచేవాళ్లు నాకు తెలుసు. మార్చి నెలాఖరులో నేనూ అలాగే నడుస్తాను.

ఈ మనిషి లంచం దగ్గరికి కూడా ఆశతో కాదు, బావమరిదికి ఎదురు చెప్పలేక వెళతాడు. అవినీతి గురించి మనం సాధారణంగా అత్యాశపరుల కథలే చెప్పుకుంటాం. పిరికివాడి చేతి మీదుగా నడిచే అవినీతిని ఇంత దగ్గరగా చూపించిన తెలుగు నవల నేను మరొకటి చదవలేదు.

ఖాకీ కొట్టేసి పూర్తి కాలికో అని రాశాను. ఇకపై తరగతి నిర్ణయం చదివిన రాత్రి కాదు, ఆఖరి ముడి వేసిన తర్వాతే.

జూలై 22

నండూరి రామమోహనరావు విశ్వరూపం. మార్క్ ట్వేన్ టామ్ సాయర్‌ను తెలుగు పిల్లలకు పరిచయం చేసిన చేయే అంతరిక్షం గురించి కూడా రాసిందని గుర్తుంచుకుని చదివితే, ఆ హాయి ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది. కష్టమైన సంగతి వచ్చేముందు ఆయన గొంతు పెంచరు, కుర్చీ దగ్గరకు లాక్కుంటారు.

పదో తరగతి చదివే మావాడు పుస్తకం తిరగేసి, గ్రహాలు తొమ్మిది అని ఉందని నవ్వాడు. ప్లూటోను 2006లో గ్రహాల జాబితా నుంచి తీసేశారు, నిజమే. పాత వైజ్ఞానిక గ్రంథాన్ని పాఠ్యపుస్తకంలాగ పరీక్షకు చదవకూడదు. ఏది తెలిసింది అన్నది మారుతుంది, ఎలా చెప్పారు అన్నది మారదు. నక్షత్రాల దూరాల గురించి ఆయన రాసిన పుటలు వాడికి చదివి వినిపించాక నవ్వు తగ్గి, టెలిస్కోపు ఎంతవుతుందన్న ప్రశ్న వచ్చింది. ఖర్చు పెరిగేలా ఉంది.

ఈ పుస్తకం పక్క మార్జిన్లో పెద్దనాన్న కాంతి సంవత్సరాన్ని స్వయంగా లెక్కకట్టారు. సెకనుకు 3,00,000 కిలోమీటర్లు, దానిని 60తో, మళ్లీ 60తో, 24తో, 365తో గుణించుకుంటూ పోయి, ఒకచోట సున్నా తప్పిపోయి, కొట్టేసి, 9,46,080 కోట్ల కిలోమీటర్ల దగ్గర తేలి, కింద రెండు గీతలు గీశారు. అచ్చులో ఉన్నదాన్ని నమ్మడానికి ఆయనకు అంత పని పట్టింది. నేను ఫోనులో సరిచూశాను, సరిగ్గానే ఉంది. ఈ పుటను మాత్రం అంచు కదపకుండా, వెనక పలుచటి తెల్లకాగితం అంటించి బలపరిచాను. వెన్నుకు గుడ్డ.

ఆగస్టు 3

బుచ్చిబాబు చివరకు మిగిలేది గురించి నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. పెద్దనాన్నకు అసలు నచ్చదు. పుస్తకం నిండా ఆయన గీతలే.

తల్లి మీద పడిన నింద కొడుకు దయానిధిని వదలకుండా వెంటాడడం, లోకం దాన్ని పదే పదే గుర్తుచేయడం బలమైన విషయం. మొదటి వంద పుటల వరకు నేను పూర్తిగా రచయిత పక్షాన ఉన్నాను. ఆ తర్వాత కోమలి, అమృతం, ఇందిర, కాత్యాయని ఒక్కొక్కరూ వచ్చి దయానిధికి జీవితం గురించి ఏదో ఒక ఎరుక కలిగించి పక్కకు తప్పుకుంటుంటే, ఈ స్త్రీలకు వాళ్ల జీవితాలు వాళ్లకు లేవా అనిపించింది. దయానిధి తన దుఃఖాన్ని తరచి చూసుకున్న ఓపికతో భార్య ఇందిర దుఃఖం వైపు చూడడు. అది పాత్ర లోపమని, రచయితకు తెలిసే రాశాడని అనవచ్చు. తెలిసి రాసినా ఆ భారం మోయవలసినది చదివే నేనే కదా.

వాక్యాలు అందమైనవి, అందులో సందేహం లేదు. కాని అందరూ ఆ అందమైన వాక్యాలే మాట్లాడతారు. కళ్లు మూసుకుని వింటే ఎవరు మాట్లాడుతున్నారో చెప్పలేము.

రెండు రోజులు కుట్టినా, ఫారాలు ముక్కలుగా మళ్లీ చూసినా మనసు మారలేదు. ఖాకీ అట్ట. ఇరవై ఏళ్ల వయసులో చదివి ఉంటే కాలికో వేసేదాన్నేమో, కాని ఇరవై ఏళ్ల వయసులో నాకు కుట్టడం రాదు.

ఆగస్టు 19

పురుగు తిన్న పుస్తకం ఇదే: వనవాసి. బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ బెంగాలీలో రాసిన ఆరణ్యక్‌కు సూరంపూడి సీతారామ్ అనువాదం. నవంబరులో మొదలుపెట్టవలసిన పుస్తకమని ఎవరో అన్నారు, నేను ముసురులో చదివాను, ఏ లోటూ రాలేదు.

కథ చెప్పే సత్యచరణ్ కలకత్తాలో ఉద్యోగం లేక తిరుగుతూ, స్నేహితుడి ద్వారా బీహారులో ఒక జమీందారీ అడవికి మేనేజరుగా వెళతాడు. మొదట్లో ఆ ఏకాంతం భరించలేక పారిపోదామనుకుంటాడు. మెల్లగా ఆ అడవి, ఆ వెన్నెల, అక్కడి నిరుపేదలు అతనిని పట్టేసుకుంటారు. కాని అతని ఉద్యోగం ఆ అడవిని కౌలుదారులకు పంచి నరికించడం. ప్రేమించినదాన్ని తన సంతకంతోనే పోగొట్టడం ఈ పుస్తకంలోని అసలు బాధ. చివర అతను అడవిని క్షమాపణ కోరుకుంటాడు. జీతం తీసుకున్నవాడి క్షమాపణకు విలువెంత అని నాలోని గడుసుదనం అడిగింది, కాని అతను తనను తాను మంచివాడుగా చూపించుకోవడానికి ప్రయత్నించడు కనుక ఆ ప్రశ్న నిలబడలేదు.

నా మనసులో నిలిచినది యుగళప్రసాదు. ఈయన ఎక్కడెక్కడి నుంచో అడవిపూల విత్తనాలూ దుంపలూ తెచ్చి సరస్వతీ కుండి అనే సరస్సు చుట్టూ నాటుతుంటాడు. ఆ నేల ఆయనది కాదు, చూసి మెచ్చుకునేవాళ్లు లేరు, ఎవరూ డబ్బులివ్వరు. ఇంట్లోవాళ్ల దృష్టిలో పనికిమాలినవాడు. ఒకచోట మేనేజరు ఆయనను పట్టుకుని ఏమి చేస్తున్నావని అడిగితే, దొంగలాగ తడబడతాడు. తర్వాత మేనేజరు కూడా ఆయనతో కలిసి విత్తనాలు నాటడం మొదలుపెడతాడు. నేను ఈ వాక్యం రాస్తున్న బల్ల మీద మైదా గిన్నె, మైనం ముద్ద, విరిగిన సూది ఉన్నాయి. ఆయన తడబాటు నాకు బాగా అర్థమైంది.

ఈ పుస్తకంలో పేదరికాన్ని చూపించే తీరు కూడా గమనించదగినది. అన్నం తినడమే పండుగైన మనుషుల గురించి రాస్తూ బిభూతిభూషణ్ మన చేత అయ్యో అనిపించడానికి ఆగడు. వాళ్లు తినేటప్పుడు వాళ్ల ముఖాలు చూసి ఊరుకుంటాడు. రాజూ పాండే రెండు బిఘాల నేల తీసుకుని, దాన్ని దున్నుకోకుండా పూజలోనూ పఠనంలోనూ కాలం గడుపుతుంటే, అతని మీద కోపం రావలసిన మేనేజరుకు కోపం రాదు, మనకూ రాదు. అనువాదం అన్న సంగతి తెలియని చెట్ల పేర్లు వచ్చినప్పుడు తప్ప గుర్తు రాలేదు.

పురుగు ఒక మూల నుంచి నాలుగు పుటల లోతుకు పోయింది. లెక్కపెడితే 23 అక్షరాలు లేవు. బొక్కల వెనక తెల్లకాగితం అతికాను గాని, పోయిన అక్షరాలు ఊహించి రాయలేదు. "వె" తర్వాత బొక్క ఉంటే అది వెన్నెలే అయి ఉంటుంది, ఈ పుస్తకంలో మరొకటి అయ్యే అవకాశం తక్కువ, అయినా రాయలేదు. పూర్తి కాలికో. ముసురు వల్ల జిగురు ఆరడానికి ఐదు రోజులు పట్టింది, ఒక అట్ట కొద్దిగా వంకర తిరిగింది.

ఆగస్టు 31

అలెక్స్ హేలీ రూట్స్‌కు సహవాసి చేసిన సంక్షిప్త అనువాదం ఏడుతరాలు రెండు రాత్రుల్లో ముగిసింది. గాంబియాలోని జుఫూరు పల్లె నుంచి కుంటా కింటేను ఎత్తుకుపోవడం, ఓడ అడుగున ప్రయాణం ఇప్పటికీ చదవడం కష్టమే. సహవాసి తెలుగు పొట్టిపొట్టి వాక్యాలతో పరుగెత్తుతుంది. ఆ పరుగు ఓడ ఘట్టానికి సరిపోయింది; తరాలు మారేచోట మాత్రం ఒక మనిషి పరిచయమై, మనసుకు దగ్గరయ్యేలోగా మనవడు వచ్చేస్తాడు. సంక్షిప్తం చేస్తే పోయేది సంఘటనలు కాదు, మధ్యలోని ఖాళీ రోజులు అని తెలిసింది.

హేలీ తన వంశవృక్షంగా చెప్పిన దాని మీద చరిత్రకారులు అభ్యంతరాలు లేవనెత్తారు; మరో రచయిత పుస్తకం నుంచి తీసుకున్న భాగాల మీద నడిచిన దావాను ఆయన 1978లో రాజీ చేసుకున్నారు. ఇది తెలిసి చదివాను కనుక కుటుంబ చరిత్రగా కాక నవలగానే తీసుకున్నాను. ఆ ఓడల మీద వచ్చినవాళ్లు మాత్రం కల్పన కారు. వెన్నుకు గుడ్డ.

సెప్టెంబరు 15

సత్యం శంకరమంచి అమరావతి కథలు వంద ఉన్నాయి. ఒక్కొక్కటి మూడు నాలుగు పుటలు. జూలై నెలాఖరు నుంచి రోజుకొకటి చొప్పున, ఉదయం కాఫీతో చదువుతున్నాను. ఒక ఆదివారం ఆశకు పోయి తొమ్మిది చదివి దెబ్బతిన్నాను: కృష్ణ ఒడ్డు, గుడి గంట, ఒక అమాయకుడు, చివర గుండె తడి, ఈ వరుస కళ్ల ముందు తెరలాగ కనబడిపోయింది. మరునాటి నుంచి మళ్లీ ఒక్కటే చదివితే ఆ తెర మాయమై కథ మిగిలింది. కాబట్టి తప్పు కథలది కాదు, ఆత్రానిది. బాపు బొమ్మ ఉన్న పుట దగ్గర మాత్రం కాఫీ కప్పు దూరంగా పెడుతున్నాను. ఇంకా సగం ఉన్నాయి కనుక కుట్టు లేదు, తరగతి లేదు.

సెప్టెంబరు 28

తొమ్మిదోది వట్టికోట ఆళ్వారుస్వామి ప్రజల మనిషి. నిజాం పాలనలో, సాయుధ పోరాటానికి ముందరి తెలంగాణ పల్లె. దొర, వెట్టి, వాటిని ఎదిరించడం నేర్చుకునే కంఠీరవం. నవలగా చూస్తే లోపాలు కనిపిస్తాయి. మంచివాళ్లు మరీ మంచివాళ్లు, కొన్నిచోట్ల సంభాషణ ఉపన్యాసంగా మారుతుంది. అయినా పల్లెలో ఒకరి నేల మరొకరి పేరు మీదకు ఎలా మారిపోతుందో, అధికారి రాకతో ఊరు ఏ పనులు ఆపుకుని ఏ పనులకు పరుగెత్తాలో ఈయన రాస్తుంటే, విని రాసినది కాదని, పక్కన నిలబడి చూసినదని తెలిసిపోతుంది. అల్పజీవిలో భయం ఒక్క మనిషి గుండెలో ఉంటుంది. ఇక్కడ అది ఊరి ఆచారంగా స్థిరపడింది. ఈ రెండింటినీ వెంటవెంటనే చదవమని ఎవరికైనా చెబుతాను.

ఈ రచయిత చిన్నతనంలో ఇళ్లలోనూ హోటళ్లలోనూ పనిచేసి, తానే చదువుకుని, 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, తెలుగు పుస్తకానికి ఆదరణ కరువైన ఆ రోజుల్లో తాను ప్రచురించిన పుస్తకాలను తానే మోసుకుని తిరిగి అమ్మారు. సంచిలో నాలుగు పుస్తకాలు వేసుకుని ఆటోలో బైండింగు పెద్దాయన దగ్గరకు వెళ్లి చెయ్యి లాగుతోందని నేను చెప్పుకున్నది జూన్ నెలలోనే.

కుట్టు నిన్న రాత్రి ముగిసింది. ఆఖరి ముడి వేసి పూర్తి కాలికో అని రాశాక, గుడ్డ కొలిస్తే వెన్నుకు సరిపోయే ముక్క మాత్రమే మిగిలింది. వనవాసి అట్ట కోసేటప్పుడు రెండు పక్కలా అవసరానికి మించి వదిలినందుకు ఇప్పుడు అనుభవిస్తున్నాను. అదే రంగు కావాలని దుకాణానికి వెళితే, అదే ఎరుపు మళ్లీ దసరా తర్వాతే వస్తుందన్నారు. మిగిలిన ముక్కతో వెన్ను వేసి, అట్టల మీద తాత్కాలికంగా పాత క్యాలెండరు కాగితం తెల్లవైపు పైకి వచ్చేలా అంటించి, సన్నికల్లు కింద పెట్టాను. రేపు ఉదయం తీయాలి. పెద్దమ్మ చట్నీకి సన్నికల్లు కావాలని అప్పుడే రెండుసార్లు ఫోను చేశారు.